ఉమ్మడి గోడ ఇల్లు, వెనక గదులు, స్లాబులో వదిలిన గాజు కప్పు

ఉమ్మడి గోడ ఇళ్లలో ఉండేవాళ్లకు చీకటి బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. హన్మకొండలో మా బాపు, చిన్నాయన ఒకే గోడకు అటూ ఇటూ కట్టుకున్న ఇళ్లలో మాది ఒకటి. ఒక పక్క చిన్నాయన గోడ, ఇంకో పక్క జానెడు సందు వదిలి పొరుగువాళ్ల గోడ. 2021లో పెరట్లో వంటగది, ఒక పడకగది వేశాం. పాత ఇంటికి వైరింగు, పైపులు, బండలు మార్పించాం. ఉమ్మడి గోడ మీద ఏ బీమూ మోపకుండా మా హద్దులోనే పిల్లర్లు లేపాం కాబట్టి చిన్నాయనతో మాటా మాటా రాలేదు.

అసలు చిక్కు నడింటి దగ్గర. దానికి ఉన్న ఒకే ఒక్క కిటికీ పెరటి వైపుది. వెనక గదులు లేస్తే అదీ పోతుంది. అందుకే సెంట్రింగు కొట్టకముందే పట్టుబట్టి, ఆ కిటికీ ఎదురుగా కొత్త స్లాబులో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఖాళీ వదిలించాను. దాని చుట్టూ అదనంగా రాడ్లు వేసి, తొమ్మిది అంగుళాల గట్టు కట్టి, పైన రెండు పొరల గాజు కాస్త వాలుగా బిగించారు. ఇంటి మొత్తంలో నాకు ప్రాణం ఈ గాజే. ఇదివరకు అమ్మ పట్టపగలు లైటు వేసుకొని బియ్యం ఏరేది. ఇప్పుడు సాయంత్రం దాకా స్విచ్ జోలికి పోదు, చాటలో మెరిక దూరం నుంచే కనిపిస్తుంది.

2023 జులై ఆఖరి వారం వానలు ఇక్కడెవరూ మరిచిపోరు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్లు కురిసింది. మన భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. మా ఇంట్లోకి వరద రాలేదు గానీ, గాజు కింద గోడ వెంబడి నీళ్లు ధారగా దిగాయి. కొత్తగా వేసిన పుట్టీ అట్టలు అట్టలుగా లేచిపోయింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ గాజునే తిట్టారు. గాజు బిగించినతను వచ్చి అంచుల వెంట మళ్లీ సిలికాన్ పూసి పోయాడు. తర్వాతి వానకు మళ్లీ అదే ధార. గాజు పీకేసి స్లాబు పూడ్చేయమని బావ ఒకటే పోరు. నాకైతే టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

చివరికి ఒక ముసలి మేస్త్రీ వచ్చాడు. ముందు గాజు చుట్టూ బంకమట్టితో కట్ట పెట్టి నీళ్లు నింపాడు. గంట గడిచినా కింద చుక్క లేదు. ఆ కట్ట తీసేసి, పాత గోడ, కొత్త స్లాబు కలిసే గీత వెంట పెట్టి నింపాడు. కాసేపటికే గోడ మీద తడి పాకింది. "గాజుది తప్పు లేదు సారూ. పాత ఇల్లు ఒక తీరు, కొత్త ఇల్లు ఇంకో తీరు కదుల్తయ్. నడుమ సిమెంటు కూరితె ఆగుతదా?" అన్నాడు.

ఆయన మాట అక్షరాలా నిజం. పాతది ఇటుక గోడల మీద ఏళ్ల కిందే కుదురుకున్న ఇల్లు. కొత్త పునాది ఇంకా కాస్త కాస్త దిగుతూనే ఉంటుంది. దానికి ఎండ తోడు: పది మీటర్ల కాంక్రీటు ముప్పై డిగ్రీల తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. మా కాంట్రాక్టరు ఆ సందులో సిమెంటు మాలు కూరి, పైన రంగు వేసి చేతులు దులుపుకున్నాడు. ఆ కోపం నాకిప్పటికీ తగ్గలేదు. మేస్త్రీ ఆ మాలంతా చెక్కి తీసి, ఫోమ్ తాడు కూర్చి, రబ్బరులా సాగే పాలీసల్ఫైడ్ సీలెంట్ నింపాడు. పైన అల్యూమినియం రేకు కప్పాడు. రేకు ఒక అంచు పాత గోడలో గాడి కొట్టి బిగించాడు, రెండో అంచు స్లాబు మీద వదులుగా ఉంచాడు. రెండు వైపులా బిగిస్తే మళ్లీ చీలుతుందట. 2024 సెప్టెంబరు మొదట్లో, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పటి వానకు కూడా మా గోడ పొడిగానే ఉంది.

గాజును ఇంతగా మెచ్చుకున్నాను గానీ, ఎండాకాలం సంగతి వేరు. మన అక్షాంశం 18 డిగ్రీలు కాబట్టి మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదే ఉంటాడు. మార్చి నుంచి వానలు పడేదాకా పైన గ్రీన్ మ్యాట్ (నీడకు వేసే ఆకుపచ్చ వల) కప్పాల్సిందే, ఆ నెలల్లో వెలుతురు బాగా తగ్గుతుంది. గట్టుకు రెండు పక్కలా జాలీ పెట్టించాం కాబట్టి వేడి గాలి పైకి పోతుంది, లేకపోతే నడింట్లో కూర్చోలేం. కోతుల కోసం ఇనుప గ్రిల్లు వేరే వేయించాం. అవి మ్యాట్‌ను చింపుతూనే ఉన్నాయి.

రెండో పక్క కిటికీకి చోటున్నవాళ్లకు ఇంత తంటా అక్కర్లేదు. మాలాగా రెండు పక్కలా గోడలే ఉంటే, పైన అంతస్తు వేసే ఆలోచన లేకపోతే, ధైర్యంగా పెట్టించుకోండి. డబ్బు తక్కువైతే గాజు చిన్నది చేసుకోండి గానీ, పాతా కొత్తా కలిసే సందు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. మా తమ్ముడు పెళ్లయ్యాక పైన రెండు గదులు వేద్దామంటున్నాడు. అప్పుడు ఈ ఖాళీని డక్టులా, అంటే నిలువు గొట్టంలా, పైదాకా లేపాలి, ఇంత వెలుతురు కిందికి దిగదు. నేనింకా సరే అనలేదు.