11 గేజ్ జంషిడి సూది: మొన బాగుంటేనే ముక్క బాగుంటుంది

కోఠి సర్జికల్ షాపుల్లో 'బోన్ మ్యారో నీడిల్', అంటే పరీక్ష కోసం ఎముక లోపలి మూలుగను ముక్కగా తీసే సూది, అని అడిగితే చేతికిచ్చేది ఎక్కువగా జంషిడి రకమే. పెద్దవాళ్లకు 11 గేజ్ (గేజ్ అంటే సూది లావు కొలత, అంకె పెరిగితే సూది సన్నం), 4 అంగుళాలు. పిల్లలకు 13 గేజ్. ఒళ్లు బాగా ఉన్నవాళ్లకు 6 అంగుళాలది కావాలి. చీటీలో గేజ్ ఒక్కటే ఉంటే పొడవెంతో డాక్టర్ని అడిగాకే కొనండి.

సూది పనితనమంతా మొనలో ఉంది. ఖోస్రో జంషిడి, విలియం స్వెయిమ్ 1971లో వేసిన పేపరులోని కిటుకు చిన్నదే: గొట్టం చివరికొచ్చేసరికి కాస్త సన్నబడుతుంది. కోసే అంచు ఇరుకు, లోపలి బోలు వెడల్పు. అందుకే తెగిన ముక్క లోపలికి వచ్చాక గోడలకు ఒరుసుకోదు. ఎముక పలకల మధ్య మూలుగ ఎలా పరుచుకుని ఉందో స్లైడు మీద అలాగే కనబడుతుంది. వెనక్కి లాగేటప్పుడు ముక్కను పట్టి ఉంచేదీ ఆ సన్నని మొనే, కాకపోతే ఆ పట్టు అంతంతమాత్రం. ఈ డిజైన్‌లో లోపం అనాల్సింది అదొక్కటే. లోపల ముక్కను బిగించే ఏర్పాటు లేదు కాబట్టి దాన్ని అడుగున తెంపడం చేతివాటం మీదే ఆధారపడుతుంది.

నడుము కింద వెనకవైపు చేతికి తగిలే తుంటి ఎముక గుబ్బ దగ్గర చర్మానికే కాదు, ఎముక పైపొరకూ మత్తు బాగా పట్టాలి. గట్టి పొర దాటి సూది కదలకుండా నిలబడ్డాక లోపలి స్టైలెట్ (బోలును మూసి ఉంచే కడ్డీ) తీసేయాలి. అటూ ఇటూ తిప్పుతూ నెమ్మదిగా ముందుకు తొయ్యాలి. స్టైలెట్‌ను మళ్లీ మెల్లగా దించి చూస్తే, అది పైకి ఎంత మిగిలిందో అంత ముక్క లోపల ఉన్నట్టు. సరిపడా వచ్చాక అక్కడే కొన్ని చుట్లు తిప్పి, 2-3 మిల్లీమీటర్లు వెనక్కి లాగి, కోణం కొద్దిగా మార్చి మళ్లీ తోసి తిప్పితే అడుగు తెగుతుంది. ఈ మెట్టు వదిలేస్తే సూది ఖాళీగా బయటికొస్తుంది, తప్పు సూదిదంటారు.

ముక్క ల్యాబులో ప్రాసెసింగ్ (స్లైడుకు సిద్ధం చేయడం) తర్వాత కనీసం 2 సెంటీమీటర్లు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. ప్రాసెసింగ్‌లో నాలుగో వంతు దాకా కుంచించుకుపోతుంది కాబట్టి తీసేటప్పుడే ఇంకాస్త ఎక్కువ ఉండాలి. సెంటీమీటరు ముక్కలో సగం గట్టి ఎముకే ఉంటే, దాని కిందనే ఉండే మూలుగలో, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లలో, మామూలుగానే కణాలు పలచగా ఉంటాయి. అది చూసి మూలుగ మొత్తం ఎండిపోయిందనుకునే ప్రమాదం ఉంది.

ముక్కను బయటికి తోసే దిశ కూడా ముఖ్యమే. ప్రోబ్‌ను (ముక్కను తోసే సన్నని కడ్డీని) మొన వైపు నుంచి దూర్చి, ముక్కను పిడి వైపు నుంచి తియ్యాలి. నల్లి బొక్కను వెడల్పు వైపు కిందికి పెట్టి కంచానికి తట్టేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పిడి వైపు నుంచి తోస్తే ఇరుకులో నలిగి, 1971 నాటి కిటుకంతా వృథా.

స్టీలువి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో) క్రిములు చంపి మళ్లీ మళ్లీ వాడేవీ దొరుకుతాయి. కేసుకు ఖర్చు తగ్గుతుంది, నిజమే. అయితే గట్టి ఎముకను కోసిన కొద్దీ అంచు మొద్దుబారుతుంది. మొద్దు అంచు కోయదు, నొక్కుతుంది. కణాలు చిదికి నల్లటి చారల్లా కనబడతాయి. పరీక్ష సులువు: శుభ్రమైన గాజుగుడ్డ మీద మొనను చుట్టూ జార్చండి. ఒక్క పోగు తగులుకున్నా అంచు లేచిందని అర్థం, ఆ సూదిని పక్కన పెట్టేయండి. బోలులో నెత్తురు ఎండితే ఆటోక్లేవ్ దాన్ని కడగదు. వాడిన వెంటనే నీళ్లు పోనివ్వాలి. ఇన్ని జాగ్రత్తలు రోజూ తీసుకోలేని చోట ఒక్కసారి వాడి పారేసేదే కొనడం తెలివి.

ఆస్పిరేట్‌కు, అంటే సిరంజితో మూలుగను ద్రవంగా లాగడానికి, ఇదే సూది పనికొస్తుంది గానీ, అదే రంధ్రంలోంచి ముక్క తీస్తే అది నెత్తుటి ముద్ద అవుతుంది. కాస్త పక్కకు జరగాలి. స్లైడ్లకు మొదటి లాగుడులో అర మిల్లీలీటరు లోపే చాలు. ఎక్కువ లాగితే మూలుగలో రక్తం కలిసి పలచబడుతుంది. ఆ లాగేటప్పటి నొప్పికి పైన ఇచ్చిన మత్తు పనిచేయదని రోగికి ముందే చెప్పాలి. మైలోఫైబ్రోసిస్‌లో (మూలుగ పీచుగా గట్టిపడే జబ్బులో) ఎంత లాగినా ఏమీ రాకపోవచ్చు. అప్పుడు ముక్కను ఫార్మలిన్‌లో (పాడవకుండా ఉంచే ద్రవంలో) వేసేముందే గాజు స్లైడుకు మెల్లగా తాకించి అచ్చులు తీసుకోండి, ఫార్మలిన్ తగిలాక అవి దొరకవు.