పునీత బ్రిజిడ్ శిలువ కిట్: కాడలు మేలురకం, సూచనల కాగితంలోనే లోపం

ఐర్లండ్‌లో ఫిబ్రవరి 1 పునీత బ్రిజిడ్ (అక్కడి క్రైస్తవ సెయింట్) పండుగ. ముందురోజు సాయంత్రం రష్ అనే గడ్డి కాడలతో శిలువ అల్లి గుమ్మం పైన పెడతారు. అది ఉన్న ఇంటికి నిప్పు భయం, ఆకలి బాధ ఉండవని నమ్మకం. ఆ శిలువ అల్లుకోవడానికి పోస్టులో వచ్చే కిట్ ఇది: 32 పచ్చి కాడలు, 4 రబ్బరు బ్యాండ్లు, చిన్న తెల్లగుడ్డ, సూచనల కాగితం.

కాడలకు పూర్తి మార్కులు ఇవ్వాల్సిందే. మన తుంగ కాడకు మూడు పలకలుంటాయి. ఇది గుండ్రం, లోపల జీలుగు బెండులాంటి తెల్లటి బెండు. గోటితో నొక్కితే మెత్తగా అణుగుతుంది. ఆ బెండు తడిగా ఉన్నంతవరకే కాడ విరగకుండా మడత పడుతుంది. వీటిని కొడవలితో కోయరు, చేత్తో పీకుతారు. ఈ కట్టలో మొదళ్లు తెల్లగా, కోత గుర్తు లేకుండా ఉన్నాయి, అంటే పీకినవే. తడి కాగితంలో చుట్టి పంపడమూ బాగుంది. వెంటనే అల్లకపోతే తడిగుడ్డలో చుట్టి చల్లటి చోట ఉంచండి.

సూచనల కాగితంలో అసలు కిటుకే లేదు, అది ఇదీ. ఒక కాడను నిలువుగా పట్టుకోవాలి. రెండోదాన్ని సగానికి మడిచి, మొదటిదాని నడుముకు చుట్టి, కొసలు కుడివైపు వచ్చేలా లాగాలి. మొత్తాన్ని గడియారానికి ఎదురు దిశలో పావు చుట్టు తిప్పాలి. ఇప్పుడు ఆ కొసలు పైకి వస్తాయి. మూడో కాడను వాటి మీదుగా మడవాలి, కొసలు మళ్లీ కుడికే. ప్రతిసారీ ఇంతే. "తిప్పండి" అని రాసి ఎటో చెప్పకపోతే కొత్తవాళ్లు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పుతారు, మధ్య చతురస్రం విడిపోతుంది. బొటనవేలు ఆ చతురస్రం మీద నుంచి తియ్యకూడదు. ఆరు చుట్లకు 25 కాడలు చాలు, మిగిలిన ఏడు విరిగినవాటికి పనికొస్తాయి.

నాలుగు రెక్కల కొసలకు వేసే రబ్బరు బ్యాండ్లు కాడలు ఆరేవరకే. నూలు దారం మొదటిరోజే కడితే, కాడలు ఎండి సన్నబడ్డాక జారిపోతుంది. వారం నీడన ఆరనిచ్చి, అప్పుడు దారం బిగించి బ్యాండ్లు తీసెయ్యండి. ఎండలో పెడితే పెళుసెక్కుతుంది. పచ్చదనం పోయి గడ్డిరంగు రావడం మామూలే, కిట్ లోపం కాదు.

తెల్లగుడ్డ బ్రాట్ బ్రీడ్ (అంటే బ్రిజిడ్ వస్త్రం) అనే ఆచారం కోసం. జనవరి 31 రాత్రి ఆరుబయట ఉంచితే బ్రిజిడ్ తాకి వెళ్తుందని, అది తలనొప్పికి మందని నమ్మకం. దానికి ఇంట్లో గుడ్డ ఏదైనా సరిపోతుంది, డబ్బిచ్చి కొననక్కర్లేదు. ఆ గుడ్డకు బదులు, పశువుల కొట్టంలో పెట్టే మూడు రెక్కల శిలువ ఎలా అల్లాలో రాసుంటే ఎంతో మేలయ్యేది. కాడల కోసం మాత్రం ఈ కిట్ నిస్సందేహంగా కొనొచ్చు. పండుగకు మూడు నాలుగు రోజుల ముందు చేరేలా ఆర్డరు పెట్టండి.