యూరియా వరిగడ్డా, పాతర గడ్డా: రెండు గేదెలున్న ఇంటికి ఏది మేలు?

పశువుల మేత మీద పరిశోధన చేసేవాళ్లను ఏ ఊళ్లో చూసినా రైతులు అడిగేది ఇదే: యూరియాతో మాగేసిన వరిగడ్డి పెట్టాలా, పచ్చిమేతను ముక్కలు కొట్టి పులియబెట్టిన పాతర గడ్డి (సైలేజ్) పెట్టాలా? చాలాకాలం నేను తడుముకోకుండా యూరియా గడ్డి అనేవాణ్ని. దానికి కారణం మా ల్యాబులోని ఆవు.

దాని డొక్కకు రంధ్రం చేసి రబ్బరు మూత బిగించారు. మూత తీసి, గడ్డిపొడి నింపిన చిన్న నైలాన్ సంచుల్ని పెద్దపొట్టలోకి దించేవాళ్లం. 48 గంటలకు బయటికి లాగి, కడిగి, ఆరబెట్టి తూస్తే ఎంత అరిగిందో తెలిసిపోయేది. మామూలు వరిగడ్డితో పోలిస్తే యూరియాతో మాగేసిన గడ్డి సంచి ఎప్పుడూ తేలిగ్గానే ఉండేది.

కిటుకు అమోనియాలో ఉంది. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల దాకా నీళ్లు. పొరలుపొరలుగా చల్లి, తొక్కి, గాలి చొరబడకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు వదిలేస్తే, యూరియా అమోనియాగా మారి గడ్డిలోని గట్టి పీచును వదులు చేస్తుంది. 3, 4 శాతం ఉన్న ప్రొటీన్ 7, 8కి చేరుతుంది. 45 కిలోల బస్తా ₹266.50 లెక్కన యూరియా ఖర్చు ₹24 లోపే.

అంత చవకైతే 1980ల నుంచి చెబుతున్నా ఊళ్లలో ఎందుకు పాకలేదు? ఓసారి ఒకావిడ నన్ను అడిగింది: "అన్నీ బాగానే చెప్పారు సార్, నీళ్లెవరు మోస్తారు?" లెక్క వేశాను. రోజుకు ఆరేసి కిలోలు తినే రెండు గేదెలకు నెలకు 360 కిలోల గడ్డి, అంటే 15 లీటర్ల బిందెలతో 14 బిందెలకు పైనే. ఆ లెక్క మా నైలాన్ సంచిలో లేదు.

పాతర గడ్డి సంగతి వేరు. గింజ పాలు పట్టి గట్టిపడే దశలో మొక్కజొన్న కోసి, ముక్కలు కొట్టి, బాగా తొక్కి మూస్తే 45 రోజులకు పులిసి తయారవుతుంది. ప్రొటీన్ కాగితం మీద ఇదీ 7, 8 శాతమే. కానీ గింజలోని పిండి పదార్థం పాలకు కావలసిన శక్తినిస్తుంది. యూరియా గడ్డిలో ఆ శక్తి లేదు. అయితే పాతర గడ్డిలో మూడింట రెండొంతులు నీళ్లే. సంచుల్లో కొనేవాళ్లు నీటికీ డబ్బు కడుతున్నట్టే. సంచికి ఎలుక చిన్న కన్నం పెట్టినా బూజు ఖాయం.

కాబట్టి నా మాట ఇది. గేదె రోజుకు నాలుగైదు లీటర్లిచ్చేదై, వరిగడ్డి సొంతమై, పచ్చిమేత దొరకని ఎండాకాలమైతే యూరియా గడ్డే. పూట పాలే ఐదారు లీటర్లుండి, బోరు కింద కాస్త నేల ఉంటే పాతర వేయండి. వట్టిపోయిన గేదెకు పాతర గడ్డి కొనడం దండగ.

యూరియాను నేరుగా కుడితిలో కలపడం మాత్రం వద్దు, ప్రాణం పోతుంది. ఆరు నెలల లోపు దూడలకు మాగేసిన గడ్డి కూడా పెట్టకూడదు. టార్పాలిన్ ఎత్తగానే ఘాటుకు కళ్లు మండుతాయి. ఆ పూటకు కావలసింది తీసి గంటసేపు ఆరనివ్వండి. అయినా మొదటిరోజు గేదె మూతిపెట్టి తల తిప్పేస్తుంది. నాలుగైదు రోజులు మామూలు గడ్డిలో కలిపి పెట్టండి, అలవాటు పడుతుంది.