కొండ చుట్టూ గుర్రం మీద: వెళ్తే పొద్దున ఆరు గంటల బ్యాచ్‌కే వెళ్ళండి

వైజాగ్‌లో గుర్రపు స్వారీ అంటే చాలామందికి ఆర్కే బీచే. తాడు పట్టుకున్న కుర్రాడి వెనకాల ఇసకలో ఒక రౌండు, ఒక ఫొటో, అయిపోయింది. ఆనందపురం దాటి తగరపువలస వైపు వెళ్తూ హైవే వదిలి లోపలికి తిరిగితే ఒక చిన్న గుర్రపుశాల ఉంది (పేరు రాయను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది), వాళ్ళు కొండ చుట్టూ తిప్పి మళ్ళీ శాల దగ్గరికే తెచ్చే స్వారీ పెట్టారు. మనిషికి 1,500. అంత పెట్టొచ్చా అంటే, ఆ దారికీ ఆ గుర్రాలకీ పెట్టొచ్చు. నడుపుతున్న తీరు మీదే నాకు పేచీ.

ముందు జీడితోటలు. జీడికొమ్మలు ఎంత కిందికి వాలి ఉంటాయో నడిచేటప్పుడు పట్టించుకోం, గుర్రం మీద కూర్చున్నాక ప్రతి కొమ్మా సరిగ్గా మొహానికే వస్తుంది. వంగిపోవాలి, వంగినప్పుడల్లా జూలు ముక్కుకి గుచ్చుకుంటుంది, గుర్రం చెమట వాసనా జీడిపూత వాసనా కలిసి కొడతాయి (పూత కావాలంటే జనవరి, ఫిబ్రవరిలో వెళ్ళాలి). తోట అయ్యాక తాటిచెట్ల గట్టు, తర్వాత ఎర్రమట్టి ఎక్కుడు. పైన చెట్లు లేవు. మోకాలెత్తు గడ్డి, నల్లరాళ్ళు, ఒకటే గాలి, భీమిలి వైపు సముద్రం సన్నగా, ఇటు తిరిగితే తూర్పు కనుమలు ఒకదాని వెనక ఒకటి. అవతలి వాలు దిగి చెరువు గట్టు మీదుగా శాలకి చేరతాం.

వెళ్ళిన దారినే తిరిగి రాకపోవడం చూడ్డానికి బాగుండటమే కాదు, స్వారీ రానివాళ్ళకి చాలా మేలు. గుర్రాన్ని సగం దూరం తీసుకెళ్ళి వెనక్కి తిప్పామంటే ఇంటికి పోతున్నామని దానికి తెలిసిపోతుంది, నడక పెంచేస్తుంది, కొత్తవాళ్ళు భయపడి పగ్గాలు లాగి దాన్ని ఇంకా కంగారుపెడతారు. చుట్టుదారిలో ఆ మలుపు ఉండదు. అయినా చెరువు గట్టు ఎక్కగానే నా గుర్రం చెవులు నిక్కబొడిచి స్పీడు పెంచింది, ఉలవలు గుర్తొచ్చాయో ఏమో. ముందు నడుస్తున్న పెద్దాయన వెనక్కి తిరక్కుండానే "మీరేటీ చెయ్యకండి బాబూ, లాగకండి, దానికి తోవ తెలుసు" అన్నారు. నేను లాగలేదు, అది కాసేపటికి మామూలు నడకకొచ్చింది.

ఈ పెద్దాయన కోసమైనా వెళ్ళొచ్చు. పాడేరు వైపు కొండ ఊరు ఆయనది. రోడ్డు లేని ఊళ్ళకి బియ్యం, సంత సరుకులు గుర్రాల మీదే ఎక్కించే చోట పెరిగిన మనిషి. నన్ను ఎక్కించేముందు జీను బెల్టు బిగించారు, పది అడుగులు నడిపించి మళ్ళీ బిగించారు. అదేంటని అడిగితే, జీను వేసేటప్పుడు కొన్ని గుర్రాలు పొట్ట ఉబ్బించేస్తాయట, తర్వాత ఊపిరి వదలగానే బెల్టు వదులై జీను మనతో సహా పక్కకి జారుతుందట. స్టిరప్‌లో (జీనుకి వేలాడే, కాలు పెట్టుకునే కొక్కెం) పాదం ముందుభాగం మాత్రమే పెట్టించి మడమ కిందికి దించమన్నారు, లోపలిదాకా దూరిస్తే పడినప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. రెండు మార్వాడీ గుర్రాలున్నాయి, చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకేలా ఉంటాయి కాబట్టి ఎవరైనా గుర్తుపట్టేయొచ్చు. వీపు మీద పుండ్లు లేవు, చెయ్యి పెట్టి చూశాను. ఎంత బతిమాలినా పరిగెత్తించరు, నడక, మధ్యలో కొంచెం ట్రాట్ (నడకకీ పరుగుకీ మధ్యది), అంతే. రీల్స్ బ్యాచ్‌కి ఇది నచ్చదు. నచ్చకపోతేనే మంచిది.

ఇక పేచీ. ఆరు గంటల బ్యాచ్‌తో ఆపేస్తే నేను కళ్ళు మూసుకుని ఐదు స్టార్లు ఇచ్చేవాణ్ణి. కానీ అవే గుర్రాలకి కాసిని నీళ్ళు పట్టి ఎనిమిదిన్నరకి మళ్ళీ జనాన్ని ఎక్కిస్తున్నారు. గుర్రం కూడా మనలాగే చెమట పట్టించుకునే ఒళ్ళు చల్లబరుచుకుంటుంది, మన ఉక్కలో ఆ చెమట ఆరదు, పైన కొండ మీద నీడ లేదు. మేం దిగేసరికే జీను అంచున తెల్లగా నురగ కట్టి ఉంది. ఆ గుర్రం మీదే వంద కిలోలకి తగ్గని ఒకాయన్ని ఎక్కించారు. జీనుతో కలిపి గుర్రం బరువులో 20 శాతం దాటకూడదన్నది స్వారీ నేర్పేవాళ్ళు మామూలుగా చెప్పే లెక్క, చూస్తే ఆ గుర్రం 400 కిలోలు కూడా ఉండదు. బుకింగ్‌లో మన బరువు అడుగుతారు మరి, అడిగి ఏం చేస్తున్నట్టు? కౌంటర్‌లో కుర్రాడికి చెప్తే "ఆయన ఆన్‌లైన్‌లో పే చేసేశారు సార్" అన్నాడు.

దారి ఎన్నాళ్ళుంటుందో కూడా డౌటే. ఎర్రమట్టి ఎక్కుడు ముందు ఎవరిదో వెంచర్ రాళ్ళు పాతేశారు, అక్కడ కొంత దూరం తారురోడ్డు మీద నడవాలి, తారు మీద లాడాలు జారతాయి. ఇంగ్లండ్‌లో పెన్నైన్ కొండల్లో మేరీ టౌన్లీ లూప్ అని 47 మైళ్ళ చుట్టుదారి ఉంది, 2002లో తెరిచారు, గుర్రపు దారుల కోసం పోరాడినావిడ పేరే పెట్టారు. అక్కడ బ్రైడిల్‌వే అంటే గుర్రం మీద వెళ్ళడం జనానికి చట్టం ఇచ్చిన హక్కు, పొలం నాదని కంచె వేసి ఆపడం కుదరదు. ఇక్కడ అంతా తోటలవాళ్ళ మాట మీద నడుస్తోంది. కార్తీకమాసం ఆదివారాలు మాత్రం అటు పోకండి, ఆ తోటల్లోనే వనభోజనాలు, డీజే బాక్సులకి గుర్రాలు బెదురుతాయి.

కొంచెం మడమ ఉన్న బూట్లు వేసుకోండి, చెప్పులతో ఎక్కనివ్వరు. జీన్స్ వద్దు, లోపలి కుట్టు తొడలు గీరేస్తుంది. హెల్మెట్ ఇస్తారు గానీ లోపల వాసన, కర్చీఫ్ కట్టుకుని పెట్టుకోండి. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ నుంచి అయితే ఐదుకే బయల్దేరాలి, ఆనందపురం పూలమార్కెట్ దగ్గర ఆ టైమ్‌కే ఆటోలు అడ్డంగా ఉంటాయి. టిఫిన్ ప్యాకేజీ అంటారు, వద్దనండి. చల్లారిపోయిన ఇడ్లీలకి 200 దండగ, తగరపువలసలో వేడి పెసరట్టు తినొచ్చు.