సీకో సార్బ్033: మెరుగు పెడితే ఊడిన చైను

జపాను కంపెనీ సీకో చేసిన ఈ సార్బ్033 చేతి గడియారం కొలతలు, మిషను వివరాలు తెలియనివారు దీని సమీక్ష కోసం వెతకరు కాబట్టి వాటి జోలికి ఎక్కువగా పోను. 2018లో తయారీ ఆగిపోయాక దీనిపై కురిసిన పొగడ్తలన్నీ నల్లటి డయలు చుట్టూ, సఫైర్ అద్దం చుట్టూ తిరిగాయి. నేను దీన్ని వదలకపోవడానికి కారణం మాత్రం స్టీలు చైను. పై ముఖాన ఒకే దిశలో సాగే సన్నని గీతల మెరుగు, అక్కడక్కడ నున్నటి మెరుగు, ఆ రెండూ కలిసేచోట తేటగా కనిపించే హద్దు: ఈ ధరలో ఇంత శ్రద్ధగా చేసిన చైను నా చేతికి మరొకటి రాలేదు.

కంపెనీ పని మీద టోక్యోలో ఉన్నప్పుడు దీన్ని కొన్నాను. నా మణికట్టు సన్నం కనుక అక్కడి దుకాణంలో కొన్ని లింకులు తీసి, వాటిని పిన్నులతోనూ, మరేవో సన్నటి గొట్టం ముక్కలతోనూ కలిపి ఒక చిన్న సంచిలో వేసి ఇచ్చారు. ఆ సంచి తరువాత ఎంత అక్కరకు వచ్చిందో చెబుతాను.

చాలా కాలం చక్కగా నడిచాక హైదరాబాదులో ఒక దుకాణంలో సర్వీసింగుకు ఇచ్చాను. నూనెలు మార్చి, వాచర్లు వేసి, నీరు చొరబడకుండా పరీక్షించమన్నాను. చైను గురించి ఒక్క మాటా అనలేదు. తిరిగి తీసుకోబోతే, పాలిష్ ఉచితంగా చేశామని ఎంతో సంబరంగా చూపించారు. గీతలున్న ముఖం, నున్నటి ముఖం అన్న తేడా లేకుండా చైను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ధగధగలాడుతోంది. లింకుల అంచులు చప్పరించిన బిళ్లల్లా గుండ్రబడ్డాయి. కౌంటరు దగ్గరున్నవారంతా కొత్తదానిలా ఉందని మెచ్చుకుంటుంటే నాకు నోట మాట రాలేదు. పాలిష్ పెట్టే బఫింగ్ చక్రం వాడకంలో పడిన గీతను చెరిపివేయదు, ఆ గీత లోతు వరకూ చుట్టూ ఉన్న లోహాన్ని అరగదీస్తుంది. అలా పోయిన లోహం మళ్లీ రాదు.

అంతటితో ఆగితే ఇది అందచందాల పేచీగానే మిగిలేది. కొన్ని వారాల తరువాత, ఎంఎంటీఎస్ లోకల్ రైలు ప్లాట్‌ఫారం మీద నడుస్తుండగా చేయి తేలికైనట్టు అనిపించింది, ఆ వెంటనే రాతిమీద ఖంగుమన్న చప్పుడు వినిపించింది. బకిల్ వేసినట్టే ఉంది. చైను మాత్రం మధ్యలో ఒక లింకు దగ్గర విడిపోయింది. అద్దం చెక్కుచెదరలేదు, ముల్లు తిరుగుతూనే ఉంది, కేసు మూల మీద మాత్రం ఒక నొక్కు పడింది.

ఈసారి వేరే చోటికి, సికింద్రాబాదులో ఏళ్ల తరబడి చిన్న బల్ల ముందు కూర్చుని పనిచేసుకునే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కంటికి భూతద్దం తగిలించుకొని, చైనును తిరగేసి, లోపలివైపు ఉన్న బాణం గుర్తులు చూసి, పక్క లింకులోని పిన్నును ఉత్త సూది మొనతో నెట్టారు. అది ఏ అడ్డూ లేకుండా జారి బల్ల మీద పడింది. "కాలర్లు పారేశారు బాబూ. ఇవి పిన్నులు కావు, పుల్లలు" అన్నారు.

విషయం ఏమిటంటే, ఈ రకం చైనులో పిన్ను తనంతట తాను నిలవదు. మధ్య లింకు రంధ్రంలో కాలర్ అనే అతి చిన్న గొట్టం ఉంటుంది, పిన్నును గట్టిగా పట్టి ఉంచేది అదే. విప్పేటప్పుడు బాణం చూపిన వైపుకు పిన్నును నెట్టాలి, బిగించేటప్పుడు ముందు కాలరును దాని చోట కూర్చోబెట్టి, పిన్నును ఎదురు దిశ నుంచి మెల్లగా కొట్టాలి. తెలియనివారు విప్పితే కాలరు ఎక్కడ రాలిందో కూడా కనిపించదు, పిన్ను మాత్రం బిగిసినట్టే అనిపించి మోసం చేస్తుంది. తెలిసిన చేతుల్లో ఈ అమరిక ఎంతో దృఢమైనది. టోక్యోలో బిగించిన లింకులు ఏనాడూ కదలలేదు. మెరుగు పెట్టడానికి చైనును ముక్కలు చేసినవారు కాలర్లను చెత్తతో పాటు ఊడ్చేశారన్నమాట.

ఇంట్లో దాచిన సంచిలోని కాలర్లు సరిగ్గా ఇక్కడ పనికొచ్చాయి. చాలని వాటికి ఆయన తన పాత డబ్బాలో వెతికి కొలతకు సరిపోయేవి తీశారు. మెరుగు సంగతి నేను అడగకముందే ఎత్తారు. నున్నగా ఉండవలసిన భాగాలకు టేపు అంటించి, గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచు కంటే మెత్తటి రకాన్ని ఒక చెక్కముక్కకు చుట్టి, చైనును చదునుగా పరిచి, పైనుంచి కిందికి మాత్రమే లాగారు. ముందుకూ వెనక్కూ రుద్దితే గీతలు చివర్లలో వంపు తిరుగుతాయట. ప్రతి లాగుడుకూ ఒత్తిడి ఒకేలా ఉండేందుకు ఊపిరి బిగబట్టడం చూశాను. టేపు తీసేసరికి హద్దు మళ్లీ కనిపించింది. కేసు మీది నొక్కును మాత్రం ముట్టుకోనన్నారు. దాన్ని పోగొట్టాలంటే మూల మొత్తాన్ని అరగదీయాలి.

ఇదంతా చదివి చైను మునుపటిలా అయిందనుకోవద్దు. ఏటవాలు వెలుతురులో చూస్తే చేతి గీతలకూ ఫ్యాక్టరీ గీతలకూ తేడా తెలుస్తుంది, గుండ్రబడిన అంచులు గుండ్రంగానే ఉన్నాయి. ఇన్నేళ్ల చెమట, దుమ్ము కలిసి లింకుల సందుల్లో ముద్దగా చేరి రాపిడి పెట్టడం వల్ల చైను కొద్దిగా వదులైంది కూడా. ఇప్పుడు గడియారం నుంచి ఊడదీసి, చైనును మాత్రమే సబ్బు నీళ్లలో మెత్తటి బ్రష్షుతో కడుగుతున్నాను. సమయం విషయంలోనూ మొదట్లో ఉన్నంత గర్వం లేదు: దీనిలోని 6ఆర్15 మిషనుకు రోజుకు 15 సెకన్లు వెనుక, 25 సెకన్లు ముందు వరకూ అనుమతి ఉంది, నాది ఆ హద్దులోనే ఉన్నా చేతి మీద ఉన్నప్పుడు వెనకబడి, రాత్రి డయలు పైకి పెట్టి పడుకుంటే కొంత కూడదీసుకుంటుంది. పూర్తిగా చుట్టుకున్నాక 50 గంటలు నడిచే నిల్వ ఉండడం వల్ల శనివారం పొద్దున తీసి పక్కన పెట్టినా సోమవారం పొద్దున సాధారణంగా నడుస్తూనే ఉంటుంది.

ఆఫీసులో కూర్చునే పని, ఈత అలవాటు లేకపోవడం, నమ్మకమైన మనిషి అందుబాటులో ఉండడం వల్ల నాకు ఇది సరిపోయింది. ఎండలో తిరిగే ఉద్యోగమైతే తోలు పట్టీయో రబ్బరు పట్టీయో వేసుకొని చైనును దాచుకోమంటాను. పాతది కొనేవారు డయలు ఫొటోలకు ముందు చైను లోపలివైపు ఫొటోలు అడగాలి. పిన్ను తలల్లో ఏదైనా బయటికి పొడుచుకొచ్చిందేమో చూడాలి, తీసిన లింకులతో పాటు కాలర్లు ఉన్నాయా అని ప్రత్యేకంగా అడగాలి. "పాలిష్ చేయించాం, కొత్తదానిలా ఉంది" అని అమ్మేవారు రాస్తే, నేనైతే అక్కడినుంచే ధర తగ్గించి బేరం మొదలుపెడతాను.