నాలుగు సీజన్ల తర్వాత: మా బోటు ఇంజిను కార్బన్ వదిలిన వైనం

మాది ఉప్పాడ దగ్గర ఫైబర్ బోటు. వెనక బిగించింది 9.9 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ ఇంజిను. రెండు సిలిండర్లు, తాడు లాగి స్టార్ట్ చేసేది. వేటకి వెళ్ళేది మా బావ, ఒడ్డున ఇంజిను చూసుకునేది నేను. దీనికి పట్టిన కార్బన్, అంటే ఆయిలు కాలగా గట్టిపడిన మసి, వదిలించడానికి నాలుగు సీజన్లుగా ఏవేవో డబ్బాలు వాడాను. ఏది పనిచేసింది, ఏది డబ్బు దండగ అని ఊళ్ళో అడిగిన ప్రతివాడికీ చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకేసారి రాసేస్తున్నాను.

2022 మార్చి నాటికి మా ఇంజిను పరిస్థితి ఇదీ. తెల్లవారుజామున తొమ్మిది, పదిసార్లు లాగితే గానీ అందుకునేది కాదు. వల దగ్గర స్లోలో పెడితే కింది సిలిండర్ పనిచేయడం మానేసేది. అన్నిటికంటే టెన్షన్ ఒడ్డు దగ్గర కెరటాలు దాటేటప్పుడు. ఒకరోజు సరిగ్గా అక్కడే ఆగిపోయింది. బోటు అడ్డం తిరిగి సగం నీళ్ళు ఎక్కేసింది. మనుషులకేం కాలేదు గానీ, రెండు పెట్టెల కానాగంతలు మళ్ళీ సముద్రంలోకే పోయాయి. "ఇంకెన్నిసార్లు లాగమంటావు బావా, భుజం ఊడిపోయేలా ఉంది" అన్నాడు మా బావ నాతో ఆ సాయంత్రం. ప్లగ్గులు విప్పి చూస్తే రెండూ తారులో ముంచి తీసినట్టున్నాయి.

కారణం కోసం దూరం వెళ్ళక్కర్లేదు. మేం పెట్రోల్లో కలిపి పోస్తున్నది స్కూటర్ల 2టీ (టూ స్ట్రోక్) ఆయిలు. చవకగా, సందు చివర షాపులోనే దొరికేది. అవుట్‌బోర్డ్‌కి డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్న ఆయిలు పోయాలి. గాలికి చల్లబడే స్కూటర్ ఇంజిను బాగా వేడెక్కుతుంది కాబట్టి దాని ఆయిల్లో లోహం ఉన్న డిటర్జెంట్లు కలుపుతారు. అవి కాలాక బూడిద మిగులుతుంది. నీళ్ళతో చల్లబడే ఇంజినులో అంత వేడి ఉండదు, అందుకే దానికి బూడిద మిగలని ఆయిలు తయారుచేస్తారు. పైగా మా ఇంజినుకి లెక్క 50:1, అంటే లీటరు పెట్రోలుకి 20 మిల్లీలీటర్లు. మా బావేమో ఇంజిను పట్టేస్తుందన్న భయంతో చేతికొచ్చినంత వంపేవాడు. ఆ మీదట గంటల తరబడి స్లోలో నడపడం. ఇక కార్బన్ పట్టక ఏం చేస్తుంది?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు వేట నిషేధం. ఇంజిను విప్పడానికి అంతకంటే మంచి టైము లేదు. ఆ ఏడాది మొదట ఒక మెకానిక్‌కి ఇచ్చాను. ఆయన హెడ్, అంటే సిలిండర్ల మీది మూత, విప్పి పిస్టన్ల మీది కార్బన్ స్క్రూడ్రైవర్‌తో గీకాడు. మెరిసింది, నేనూ మురిసిపోయాను. పిస్టన్ అల్యూమినియం, మెత్తటి లోహం. దాని మీద పడిన గీతల్లోనే మళ్ళీ కార్బన్ పేరుకుందని డిసెంబరులో తెలిసింది. గీకాల్సి వస్తే వెదురు బద్దో, నైలాన్ ముక్కో వాడాలి. ఇంకొకాయన కాస్టిక్ సోడాలో నానబెట్టమన్నాడు. వెనకటి రోజుల్లో చేతక్ స్కూటర్ల సైలెన్సర్లు అలా శుభ్రం చేసేవారు, నిజమే. కానీ అది ఇనుము. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ సలహా విననందుకు ఇప్పటికీ నా వీపు నేనే తట్టుకుంటాను.

డిసెంబరు నుంచి పెట్రోల్లో కలిపే క్లీనర్ మొదలుపెట్టాను. యమాల్యూబ్ వాళ్ళ రింగ్ ఫ్రీ. అమెరికాలో ఉన్న మేనమామ కొడుకుని తెమ్మందామంటే మండే సరుకు విమానంలో తేనివ్వరు. చివరికి కొచ్చిలో బోటు సామాన్ల షాపు నుంచి లారీ పార్సిల్లో తెప్పించాను. దాని లెక్క పది గ్యాలన్లకి ఒక ఔన్సు. మన కొలతలో పది లీటర్లకి 8 మిల్లీలీటర్లు అనుకోండి. సూది తీసేసిన ఇంజెక్షన్ సిరంజితో కొలిచి పోస్తాను, ఈ పని మాత్రం బావకి వదలను. మాకు వేటకి పన్నెండు లీటర్లు కాలుతుంది, అంటే పది మిల్లీలీటర్ల లోపే. 946 మిల్లీలీటర్ల బాటిల్ దాదాపు వంద వేటలకి వచ్చింది. ధర విన్నప్పుడు గుండె గుభేలుమంది గానీ, వేటకింత అని విడదీసి చూస్తే టీ ఖర్చుల్లో కలిసిపోతుంది.

ఫలితం? మొదటి నెల ఏమీ లేదు. రెండో నెలకి స్లోలో కింది సిలిండర్ ఆగిపోవడం తగ్గింది. అయితే కింది సిలిండర్ కంప్రెషన్, అంటే పిస్టన్ లోపలి గాలిని నొక్కే ఒత్తిడి, మాత్రం అక్కడే ఉంది. పైది 108, కిందిది 84. రెండింటి మధ్య పది శాతం కంటే తేడా ఉండకూడదంటారు. అప్పుడర్థమైంది నాకు. పెట్రోల్లో ఇంత కొద్దిగా కలిపేది కార్బన్ పట్టకుండా చూడగలదు గానీ, పిస్టన్ గాడిలో బిగుసుకుపోయి గాలిని సరిగ్గా ఆపలేని రింగుని విడిపించడం మా ఇంజినులో దాని వల్ల కాలేదు. దానికి నానబెట్టాల్సిందే.

2023 మే నెలలో ఆ పని చేశాను. ఇంటి వెనక రెండొందల లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నిండా మంచినీళ్ళు పోసి, ప్రొపెల్లర్ తీసేసి, ఇంజిను కాలు అందులో దించాను. ఇంజిను చల్లబడటానికి నీళ్ళు తీసుకునే రంధ్రాలు బాగా మునగాలి, లేకపోతే పంపులో నీళ్ళు తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) నిమిషాల్లో మాడిపోతుంది. పావుగంట నడిపి వేడెక్కాక, కాస్త రేసులో పెట్టి కార్బ్యురేటర్ నోట్లోకి క్లీనర్ స్ప్రే కొంచెం కొంచెంగా కొట్టాను. ముందు తెల్లటి పొగ, తర్వాత పక్కింటివాళ్ళు బిందెలతో పరిగెత్తుకొచ్చేంత పొగ. ఇంజిను ఉక్కిరిబిక్కిరై ఆగిపోబోతుంటే ఇంకాస్త కొట్టి ఆపేశాను. వెంటనే ప్లగ్గులు విప్పి రెండు సిలిండర్లలోకీ కొట్టి, తాడు నెమ్మదిగా రెండుసార్లు లాగి, రాత్రంతా వదిలేశాను.

పొద్దున ప్లగ్గులు పెట్టకుండానే, రంధ్రాల మీద పాత గుడ్డ కప్పి తాడు లాగాను. గుడ్డ మీద కాఫీ డికాషన్ లాంటి నల్లటి జిగురు, మధ్యలో ఆవగింజలంత రవ్వలు. అది చూసిన తృప్తి అంతా ఇంతా కాదు. రెండు చుక్కలు ఆయిలు వేసి, పాత ప్లగ్గులతోనే మళ్ళీ అరగంట నడిపితే డ్రమ్ము నీళ్ళు బురదగుంటలా తయారయ్యాయి. ఇదంతా రెండుసార్లు చేశాకే కొత్త ప్లగ్గులు పెట్టాను. కంప్రెషన్ 107, 99. కొలిచేటప్పుడు రెండు ప్లగ్గులూ విప్పాలి, థ్రాటిల్ పూర్తిగా తెరవాలి, ప్లగ్గు వైర్లు బాడీకి ఎర్త్ చేయాలి.

ఒక జాగ్రత్త. ఈ పని ఆరుబయటే చేయాలి, దగ్గర్లో పొయ్యి గాని బీడీ గాని ఉండకూడదు. ఫోర్ స్ట్రోక్ ఇంజినున్నవాళ్ళు ఇలా సిలిండర్లో నానబెడితే ద్రవం రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఇంజిను ఆయిల్లో కలుస్తుంది. కాబట్టి తర్వాత ఆయిలు మార్చి తీరాలి. ఇంకో సంగతి, ఎన్నేళ్ళుగానో పేరుకున్న ఇంజినులో ఒక్కసారే డబుల్ డోసు పోసి ఫుల్ స్పీడులో లాగించకండి. మా పక్క బోటులో అలాగే చేస్తే కార్బన్ పెచ్చు ఊడి సిలిండర్ గోడ గీరేసింది. మందు తప్పు కాదు, తొందర తప్పు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. అది తేమ పీల్చుకుంటుంది. క్లీనర్ పోస్తున్నాం కదా అని ట్యాంకులో నెలల తరబడి నిల్వ ఉంచితే అడుగున నీళ్ళు చేరతాయి, ఈ డబ్బాలు దానికి మందు కావు. నిషేధం మొదలయ్యే రోజే మేం ట్యాంకు ఖాళీ చేసేస్తాం.

ఇంతకీ ఎక్కువ మేలు చేసింది ఏదంటే, స్కూటర్ ఆయిలు మానేసి టీసీ-డబ్ల్యూ3కి మారడమే. తర్వాత వేటకొకసారి, ఒడ్డుకి వచ్చే దారిలో, పది నిమిషాలు బాగా స్పీడుగా నడపడం. దీనికి పైసా ఖర్చు లేదు గానీ బావని ఒప్పించడానికి ఏడాది పట్టింది, పెట్రోలు దండగంటాడు. ఏడాదికోసారి డ్రమ్ములో నానబెట్టడం మూడోది. రింగ్ ఫ్రీకి నాలుగో చోటిస్తాను. అయినా మళ్ళీ కొంటాను, మొన్ననే ఇంకో బాటిల్‌కి ఆర్డరిచ్చాను.

ఈ వేసవిలో ఫోనుకి తగిలించే సన్న కెమెరా ప్లగ్గు రంధ్రంలోంచి దించి చూశాను. పిస్టన్ తల మీద పల్చటి గోధుమరంగు పొర, దాని కింద ఆ పాత మెకానిక్ గీతలు స్పష్టంగా కనబడుతున్నాయి. బావకి చూపిస్తే, "లోపల ఎలా ఉంటే నాకెందుకు, మూడో లాగుడికి అందుకుంటోంది" అన్నాడు. చలికాలం తెల్లవారుజామునైతే నాలుగు.