‘చార్‌కోల్ స్ట్రిప్డ్’ అన్న లేబుల్ చూసి సీరం కొంటున్నారా? ఒక్క నిమిషం

ఎంసీఎఫ్-7 కణాలతో పనిచేసే స్కాలర్లూ, ల్యాబుకు సీరం ఆర్డర్లు పెట్టేవాళ్ళూ, ఇది చదివాకే పీఓ (కొనుగోలు ఆర్డర్) పంపండి. నాకు మూడు నెలలు మట్టిలో కలిశాయి.

ఈ రొమ్ము క్యాన్సర్ కణాలు ఈస్ట్రోజెన్ అందితే పెరుగుతాయి, అందకపోతే నెమ్మదిస్తాయి. ఆ పెరుగుదలకు, ఈస్ట్రోజెన్‌ను అడ్డుకునే టామోక్సిఫెన్ మందు ఎంత అడ్డుపడుతుందో చూడటం నా పని. కణాల పెంపకానికి వాడే మామూలు ఎఫ్‌బీఎస్‌లోనే (దూడ పిండం రక్తం నుంచి తీసే సీరం) ఈస్ట్రోజెన్ ఉంటుంది కాబట్టి, బొగ్గుపొడీ డెక్స్‌ట్రాన్‌తో దాన్ని లాగేసిన ‘చార్‌కోల్ స్ట్రిప్డ్’ సీరం కొంటాం. ఈసారి గ్రాంటు అడుగంటింది. ఒక డీలర్ సగం ధరకే ఇస్తానంటే ఆశపడ్డాం.

మొదటి ప్లేటు నుంచే తేడా. ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) వేసిన వెల్సూ (ప్లేటులోని గుంటలు), వేయని వెల్సూ ఎంటీటీలో ఒకే ఊదారంగు. బతికున్న కణాలు ఎన్ని ఉంటే అంత చిక్కటి రంగొచ్చే పరీక్ష అది. పైగా టామోక్సిఫెన్ ఒక్కటే వేసిన చోట కణాలు కంట్రోల్ కన్నా తగ్గాయి. ఈస్ట్రోజెనే లేకపోతే అది దేనికి అడ్డుపడినట్టు? అప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు. కణాలనే అనుమానించి, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా సోకిందేమోనని టెస్టు చేశాను, పుణె ఎన్‌సీసీఎస్ కణాల బ్యాంకు నుంచి కొత్తవి తెప్పించాను. గైడ్ గారు ఫినాల్ రెడ్ సంగతి అడిగారు. న్యాయమైన ప్రశ్నే, కణాలు పెరిగే ద్రవం, అంటే మీడియంలోని ఆ ఎర్రరంగు ఈస్ట్రోజెన్‌లా పనిచేస్తుందని 1986లోనే తేల్చారు. కానీ మాది రంగులేని మీడియం. ట్యూబులు కూడా మార్చాం. నవ్వకండి, అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీలో ఆనా సోటో బృందానికి సరిగ్గా ఇదే జరిగింది: ప్లాస్టిక్ ట్యూబుల్లోంచి ఊరిన నోనైల్‌ఫినాల్ అనే రసాయనం ఈ కణాలను పెంచేసింది. 1991లో ప్రచురించారు.

చివరికి పక్క ల్యాబు సీనియర్ అక్క తన దగ్గరున్న సీరం కొంచెం అప్పిచ్చింది. అవే కణాలు, అదే మీడియం. ఆరో రోజుకి ఈస్ట్రడయాల్ వేయని వెల్స్‌లో పెరుగుదల చల్లబడింది.

అప్పుడు తీసి చూశాను, డీలర్ ఇచ్చిన సీరం సర్టిఫికెట్. బాటిల్ మీది లాట్ (తయారీ బ్యాచ్) నంబరు, కాగితం మీది నంబరు వేరు. ఈస్ట్రడయాల్ గడి ఖాళీ. డీలర్‌కి ఫోన్ చేస్తే, “బయలాజికల్ ప్రొడక్ట్ కదా మేడమ్, లాట్ లాట్‌కీ తేడా ఉంటుంది. సీల్ తీస్తే వాపసు లేదు” అన్నాడు. లాట్ తేడాలు నిజమే. కానీ ఇది అసలు స్ట్రిప్ చేయని సీరమేనని నా అనుమానం. నిరూపించలేను.

డబ్బు కట్టేముందు అదే లాట్ శాంపిల్ అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. ఎంసీఎఫ్-7తో ఒక్క ప్లేటు పెట్టండి: ఏమీ వేయనివి, ఈస్ట్రడయాల్ వేసినవి, ఈస్ట్రోజెన్ పనిని అడ్డుకునే ఫుల్వెస్ట్రాంట్ మందు వేసినవి. మొదటి రెండింటికీ తేడా కనిపించకపోతే ఆ సీరం వద్దు. ఫుల్వెస్ట్రాంట్ కంట్రోల్‌ని (ఏమీ వేయనివాటిని) మించి బాగా కిందికి లాగేసినా వద్దు, సీరంలో ఈస్ట్రోజెన్ మిగిలి ఉందన్నమాట. నచ్చితే ఏడాదికి సరిపడా అదే లాట్ పక్కన పెట్టించుకోండి. “మాకు బాగానే పనిచేసింది” అని ఎండీఏ-ఎంబీ-231 అనే మరో రొమ్ము క్యాన్సర్ కణాలు వాడేవాళ్ళు చెబితే లెక్కలోకి తీసుకోవద్దు, వాటికి ఈస్ట్రోజెన్‌ను అందుకునే ప్రొటీన్, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఆల్ఫానే లేదు.

మిగిలిన రెండు బాటిళ్ళు ఫ్రీజర్‌లో ఉన్నాయి. మామూలు పాసేజింగ్‌కి (కణాలను కొత్త పాత్రల్లోకి మార్చి పెంచడానికి) వాడేస్తున్నాం. కణాలు మాత్రం భేషుగ్గా పెరుగుతున్నాయి.